మూడు ఖాళీ మంచాలు

సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక ఒక ఎడ్లబండి నర్సింగ్ హోము దగ్గర ఆగింది. రాజకుమారి అప్పుడు వరండాలో బల్ల మీద కూర్చుని దూది ఉండలు చుట్టి డబ్బాలో పెడుతోంది. బండి గేటులోంచి లోపలికి రాలేదు. వీధి గోడ వారగా, జనరల్ వార్డు కిటికీల కిందే ఆగిపోయింది. అలా బయటే ఆగిపోయే బండి ఎవరిదో గుడివాడలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

లోపల తన బల్ల దగ్గర్నుంచి మేనేజరు ధర్మారావు మెడ సాచి చూశాడు. ఆయన డాక్టరమ్మగారికి స్వయానా అన్న. డాక్టరమ్మ అప్పుడే భోంచేసి మేడమీద నడుం వాల్చింది.

"ఎవరో కనుక్కురా" అన్నాడు ధర్మారావు.

రాజకుమారి వెళ్ళింది. బండిలో గడ్డి మీద దుప్పటి పరిచి ఒక అమ్మాయిని పడుకోబెట్టారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. తల దగ్గర కూర్చున్న పెద్దావిడ ఆ అమ్మాయి రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకుని ఉంది. ఎడ్ల ముందు నిలబడ్డ మొగుడు పలుపు తాడు వదలకుండా ఇటే చూస్తున్నాడు.

"గుడ్లవల్లేరు పక్కనుంచి వచ్చామమ్మా, పేటవాళ్ళం. నా పేరు సువార్తమ్మ. ఇది నా కోడలు జ్ఞానమ్మ, వాడు నా కొడుకు విల్సను. పొద్దుటేళ నించీ నొప్పులు పడతంది. మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసింది" అంది పెద్దావిడ.

రాజకుమారి బండెక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. కోడలి చీర కొంచెం తప్పించి కడుపు మీద రెండు అరచేతులూ ఆనించింది. నొప్పి తగ్గేదాకా ఆగి మెల్లిగా నొక్కింది. పైన, పక్కటెముకల కింద, గట్టిగా గుండ్రంగా తగిలింది. వేళ్ళతో కదిపితే కదిలింది. తల. కింద ఉండవలసింది పైన ఉంది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది.

బందరులో శిక్షణ పొందిన ఏడాదిన్నరలో అలాంటి కాన్పులు నాలుగు చూసింది. రెండింటికి తనే చెయ్యి పెట్టింది. కంగారుపడి లాగకూడదు. ఒళ్ళు దానంతటది దిగేదాకా ఆగి, తల దగ్గర మాత్రం ఒడుపుగా వంచి తియ్యాలి. తెలిసిన చెయ్యి ఉంటే గట్టెక్కే కాన్పు. జ్ఞానమ్మ నొప్పి మధ్యలోనే కళ్ళు తెరిచి నర్సు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. రాజకుమారి ఆమె చీర సర్ది దిగింది.

"ఎదురుకాళ్ళండీ. వెంటనే లోపలికి తీసుకోవాలి" అంది ధర్మారావుతో.

"ఏ ఊరు?"

చెప్పింది. ఎవరో కూడా చెప్పింది. ధర్మారావు కలానికి మూత బిగించి బల్ల మీద పెట్టాడు. వార్డులో పది మంచాలున్నాయి. ఏడుగురు పేషంట్లున్నారు. కిటికీ పక్క మంచం మీద కవుతరం ఆసామి కూతురు సూర్యకుమారి నాలుగు రోజుల పసిబిడ్డతో పడుకుని ఉంది. నిరుడు ఇలాగే ఒకామెని చేర్చుకుంటే మర్నాడు రెండు కుటుంబాలవాళ్ళు పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ సంగతి ఆయన నెమ్మదిగా గుర్తుచేశాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు.

"మంచాలు లేవని చెప్పు. బందరు తీసుకెళ్ళమను. మూడున్నర ప్యాసింజరు ఉందిగా."

"అంతసేపు ఆగదేమోనండీ."

"ఏం చేస్తాం మరి." కొంచెం ఆగి, "నువ్వయితే వాళ్ళకి నచ్చచెప్పగలవు. మీవాళ్ళేగా" అన్నాడు.

మేడమెట్లు వరండా చివర ఉన్నాయి. రాజకుమారి అక్కడిదాకా వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వెనక ధర్మారావు కుర్చీ కిర్రుమంది. కాలు తీసేసింది. కుండ దగ్గరకెళ్ళి ఎనామిల్ మగ్గు నిండా మంచినీళ్ళు ముంచుకుని బండి దగ్గరకు నడిచింది.

"మంచాలు ఖాళీ లేవు" అంది. మగ్గు అందించింది. నీళ్ళు తొణికి దుప్పటి మీద పడ్డాయి. "బందరు మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూడున్నరకి రైలుంది. అక్కడ బాగా చూస్తారు."

సువార్తమ్మ మగ్గు అందుకుని కోడలి తల ఎత్తి రెండు గుక్కలు తాగించింది. "ఒక్క మూల చాప పరిచినా చాలమ్మా" అంది.

"లేదండీ."

విల్సను ఒక్కసారి కిటికీల వైపు చూసి, ఎడ్లని స్టేషను వైపు మళ్ళించాడు. బండి మలుపు తిరిగేదాకా రాజకుమారి గేటు దగ్గరే నిలబడి, మళ్ళీ వచ్చి దూది ఉండలు చుట్టడం మొదలుపెట్టింది. ఉండలు గట్టిగా రాలేదు. వాటిని విప్పి మళ్ళీ చుట్టింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక నర్సింగ్ హోము వెనక తన గదిలో రాజకుమారి ట్రంకు పెట్టె తెరిచి, అడుగున చీరల కింద పెట్టిన సర్కారు ఉత్తరం తీసింది. అది వచ్చి మూడు వారాలయింది. దివిసీమలో ఒక పల్లెకి మంత్రసాని ఉద్యోగం. చుట్టుపక్కల ఆరు ఊళ్ళు చూసుకోవాలి. సెప్టెంబరు పన్నెండో తేదీలోగా అవనిగడ్డ ఆరోగ్య కేంద్రంలో చేరాలి. బందరు పక్క గూడూరులో ఉన్న అమ్మకు కూడా ఈ సంగతి రాయలేదు. రాస్తే వెళ్ళమంటుందని తెలుసు.

శిక్షణలో ఉండగా ఒక తెల్లవారుజామున ఒకామెకి కాన్పయ్యాక రక్తం ఆగలేదు. డాక్టరు వచ్చేదాకా పావుగంటసేపు రాజకుమారి ఒక్కతే ఆమె కడుపు పిడికిలితో నొక్కి పట్టుకుని కూర్చుంది. ఆమె బతికింది. అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ పావుగంట రాజకుమారి చేతుల్లోంచి పోలేదు. దివిసీమ పల్లెలో పావుగంటకి ఏ డాక్టరూ రాడు. ఇక్కడయితే మేడమీద ఒకరున్నారు. ఉత్తరం తీసినప్పుడల్లా ఆమె అదే అనుకుని మళ్ళీ పెట్టెలో పెట్టేది. ఆ సాయంత్రం అలా అనుకోవడం కుదరలేదు. మేడమీద డాక్టరుండీ ఇవాళ ఒరిగిందేమిటి? ఉత్తరం మడిచి, మళ్ళీ చీరల కిందే తోసేసింది.

బుధవారం పొద్దున్న నూతి దగ్గర రబ్బరు షీట్లు తోముతుంటే పెరటి గేటు అవతల విల్సను కనిపించాడు. గేటు తీసే ఉన్నా లోపలికి రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి, అందులో చుట్టిన ఎనామిల్ మగ్గు బయటికి తీశాడు. బూడిదతో తోమినట్టున్నారు, తెల్లగా మెరుస్తోంది.

"మా బండిలో ఉండిపోయిందండీ. అమ్మ ఇచ్చి రమ్మంది."

రాజకుమారి చేతులు పమిటకి తుడుచుకుంటూ వచ్చింది. "ఎలా ఉంది?"

"దానికి జొరంగా ఉందండీ." మగ్గు చేతిలో పెట్టాడు. "బిడ్డ పోయాడు. మగపిల్లాడండీ."

ఆమె అడగకుండానే అతను నేల చూపులతో మిగతాది చెప్పాడు. రైలు వడ్లమన్నాడు దాటగానే కాళ్ళు బయటికి వచ్చాయి. పెట్టెలో ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. పెడనలో దించి ప్లాట్‌ఫారం చివర పడుకోబెట్టారు. ఎవరో ముసలావిడ చెయ్యి పెట్టింది గానీ తల దగ్గర ఆగిపోయింది. గార్డు చాలాసేపు రైలు ఆపాడు. పాపం, మంచివాడు. అంతా అయ్యాక ఇక బందరు ఎందుకని వెనక్కి తీసుకొచ్చేశారు.

"ఆ నర్సమ్మగారు మంచినీళ్ళిచ్చింది, సామాను ఉంచుకోకూడదు అంది అమ్మ. వెళ్ళొస్తానండీ."

"నేను వచ్చి చూడనా?" అంది రాజకుమారి. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

విల్సను తలెత్తాడు. "మిమ్మల్ని ఇక్కడ ఏమీ అనరా?"

"అనరు."

గురువారం మధ్యాహ్నం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆమె రైలెక్కింది. గుడ్లవల్లేరులో దిగి కాలవ గట్టు వెంట మైలు దూరం నడిచింది. వరి దుబ్బు కడుతోంది. పేట మొదట్లోనే విల్సను ఎదురొచ్చి ఇల్లు చూపించాడు.

జ్ఞానమ్మ నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. రాజకుమారి సువార్తమ్మని నీళ్ళు మరగబెట్టమంది. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. థర్మామీటరు నూట మూడు చూపించింది. మైలగుడ్డలు మార్చింది. వాసన చూసి, తెచ్చిన సల్ఫా మాత్రలు ఎన్ని గంటలకొకటి వెయ్యాలో చెప్పింది. తర్వాత రవిక ముడి విప్పి చూస్తే రొమ్ములు రాయిలా బిగిసిపోయి ఉన్నాయి. తాగే నోరు లేక పాలు గడ్డకట్టాయి.

వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, కాపడం పెట్టింది. బొటనవేలితో మెల్లిగా కిందికి దువ్వుతూ పాలు గిన్నెలోకి పిండింది. జ్ఞానమ్మ పళ్ళు బిగబట్టి ఓర్చుకుంది గానీ ఒక్క మాట అనలేదు. సగం గిన్నె నిండాక సువార్తమ్మ దాన్ని పమిట చాటున పెట్టుకుని బయటికి తీసుకెళ్ళి కంచె మొదట్లో పోసింది. వచ్చి ఖాళీ గిన్నె మళ్ళీ అందించింది. అలా రెండుసార్లు.

గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు.

"మన పిల్లేనంట. గూడూరు పేట."

"ఎంత చదువుకున్నా అభిమానం పోలేదు చూడు. పెద్దాసుపత్రి వదిలి మనింటికొచ్చింది."

"ఆ రోజు కూడా నీళ్ళిచ్చింది ఈవిడేనంట."

రాజకుమారి వంచిన తల ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ఒకావిడ పొట్లకాయ తెచ్చి సంచిలో పెట్టబోయింది. వద్దంటే వినలేదు. రైల్లో ఆ పొట్లకాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడివాడ వచ్చేదాకా ఎదుటివాళ్ళ ముఖం చూడలేకపోయింది. నర్సింగ్ హోములో ఆయాకి ఇచ్చేసింది.

శుక్రవారం వెళ్ళింది. శనివారం వెళ్ళింది. జ్వరం నూటొకటికి దిగింది, తర్వాత నూరుకి. శనివారం ఆరో నెల గర్భిణి ఒకామె వచ్చి తన కడుపు కూడా చూడమని అరుగు మీద పడుకుంది. ఎవర్నీ పిలవడానికి లేదు. రాజకుమారి తనే చూసి, తనే చెప్పింది. ఆ పదినిమిషాలూ చేతులు వణకలేదని తిరిగొస్తుంటే గుర్తొచ్చింది. ఆ వెంటనే కిటికీల కింద ఆగిన బండి గుర్తొచ్చింది. చేతులకి తెలుసు. నోటికే చేతకాలేదు. వాళ్ళు తనని పొగిడిన ప్రతిసారీ ఆమె ఆ అబద్ధాన్ని మళ్ళీ ఒకసారి చెప్పినట్టే అయింది. అది తెలిసి కూడా మూడు రోజులు ఊరుకుంది. కోలుకోనీ, అప్పుడు చెబుదాం అనుకుంది. కోలుకోవడంతో దానికి సంబంధం లేదని ఆమెకు తెలుసు.

ఆదివారం ప్రార్థన అయి గుడి వదిలే వేళకి పేటలో అడుగుపెట్టింది. జ్ఞానమ్మ మొదటిసారి లేచి గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. జ్వరం లేదు. సువార్తమ్మ గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. విల్సను చూరు కింద కూర్చుని కొడవలి పిడికి గుడ్డ చుడుతున్నాడు.

"చేపల పులుసు కాచాను. ఇవాళ తిని వెళ్ళాలి" అంది సువార్తమ్మ.

రాజకుమారి థర్మామీటరు విదిలించి గొట్టంలో పెట్టుకుంది.

"మీకొకటి చెప్పాలి" అంది. "ఆ రోజు మంచాలున్నాయి. మూడు ఖాళీగా ఉన్నాయి. లేవని అబద్ధం చెప్పాను."

సువార్తమ్మ చేటలోంచి ఒక గడ్డ తీసి బయటికి విసిరింది. ఇంకొకటి తీసింది.

"తెలుసమ్మా" అంది.

రాజకుమారికి వెంటనే అర్థంకాలేదు.

"కిటికీ కిందేగా బండి ఉంది. నువ్వు లోపలికెళ్ళినప్పుడు విల్సను బండి చక్రమెక్కి చూశాడు. మూడు మంచాల మీద పరుపులు చుట్టి ఉన్నాయని అప్పుడే చెప్పాడు."

విల్సను తల వంచుకుని గుడ్డ బిగిస్తూనే ఉన్నాడు.

"తెలిసి ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెప్పేదానివి? మగ్గు పట్టుకున్న చెయ్యి గడగడలాడతంది. నీళ్ళన్నీ నా కోడలి మీదే పోశావు. ఈ పిల్ల మాకంటే భయపడిపోతంది, దీన్ని ఇంకేం అడుగుతాం అనుకున్నాను."

"మరి నన్ను ఇంట్లోకి ఎందుకు రానిచ్చారు?"

సువార్తమ్మ ఆమె వైపు సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, దయ కూడా లేదు. "దీనికి జొరం. నీకు వైద్యం వచ్చు."

రాజకుమారి నేల మీద కూర్చుండిపోయింది. ఆమె రైల్లో కూర్చుని ఊహించుకున్నవాటిలో తిట్లున్నాయి, ఏడుపులున్నాయి, వెళ్ళిపొమ్మనడం ఉంది. ఇది లేదు. ఇరుగుపొరుగు పొగుడుతుంటే ఈ ఇంట్లో ముగ్గురూ నోరు మెదపకుండా ఉన్నారు. తన పరువు కాపాడింది వీళ్ళు.

"నర్సమ్మగారూ." జ్ఞానమ్మ గొంతు వాడకం లేక బొంగురుపోయింది. ఇన్ని రోజుల్లో ఆమె మాట్లాడటం ఇదే మొదలు. "బండెక్కి నా కడుపు మీద చెయ్యేశారు కదా. అప్పుడు మీకు తెలిసిందా?"

"తెలిసింది."

"ఏం తెలిసింది?"

"తల పైనుందని. ఎదురుకాళ్ళని."

"లోపలికి తీసుకునుంటే బతికేవాడా?"

దేవుడి చిత్తం అనొచ్చు. చెప్పలేం అనొచ్చు. అందరూ అనే మాటలే, జ్ఞానమ్మ కూడా నమ్మేది. చేటలో సువార్తమ్మ వేళ్ళు ఆగాయి.

"బతికేవాడు" అంది రాజకుమారి. "నాకు ఆ పని వచ్చు."

జ్ఞానమ్మ మెల్లిగా మంచం మీదికి జారి గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదలలేదు. ఏడుస్తోందో లేదో తెలియలేదు.

కాసేపటికి సువార్తమ్మ లేచి కంచంలో అన్నం పెట్టి పులుసు పోసి తెచ్చింది. రాజకుమారి వద్దనడానికి చెయ్యెత్తి, దించేసింది. వద్దనే హక్కు కూడా తనకి లేదనిపించింది. కంచం ముందుకు లాక్కుని తింది. చెయ్యి కడుక్కున్నాక మాత్రలు ఇంకా ఎన్ని రోజులు వెయ్యాలో విల్సనుకి రెండుసార్లు చెప్పింది. గోడ వైపు తిరిగిన జ్ఞానమ్మ వీపు చూసి, వెళ్ళొస్తానని చెప్పలేక బయటికి నడిచింది.

ఆ సాయంత్రం ఆమె నర్సింగ్ హోము మేడమెట్లు ఎక్కింది. ధర్మారావు కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చూశాడు. ఆమె ఆగలేదు.

డాక్టరమ్మ వరండాలో పేము కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటోంది. రాజకుమారి జరిగిందంతా నిలబడే చెప్పింది. రేపటినుంచి రానని కూడా చెప్పింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నయ్య నాకు చెప్పలేదు" అంది. మళ్ళీ, "నువ్వొచ్చి చెప్పొచ్చుగా. నేను పైనే ఉన్నాను."

"ఉన్నారండీ."

"చెప్తే ఏదో ఒకటి చేసేదాన్ని."

నిజంగా చేసేదో లేదో ఆ ముఖం చూస్తే తెలియలేదు. ఆమెకీ తెలిసినట్టు లేదు. కానీ తను పైకొచ్చి అడగలేదు. ఆ తప్పు ధర్మారావుది కాదు, డాక్టరమ్మదీ కాదు. రాజకుమారి నమస్కారం పెట్టి దిగింది. ధర్మారావు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. "తొందరపడుతున్నావు. ఇలాంటివి రెండ్రోజుల్లో సర్దుకుంటాయి" అన్నాడు మెత్తగా. ఆ రెండ్రోజుల్లో నిజంగానే సర్దుకుంటాయని ఆమె భయం. ఆయన పక్కనుంచి తన గదికి వెళ్ళి పెట్టె సర్దుకుంది.

సోమవారం మొదటి రైలుకి బందరు వెళ్ళి, అక్కడ బస్సెక్కి, పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరేసరికి పదకొండయింది. పన్నెండో తేదీ. ఆరోగ్య కేంద్రంలో గుమస్తా వెంకటపతి ఉత్తరం చూసి, ఇంక రారనుకున్నామండీ అని ఒక ఫారం, కలం ఇచ్చి బెంచీ చూపించాడు.

పేరు, ఊరు, చదువు, శిక్షణ. ఇంతకుముందు పనిచేసిన చోటు. దాని కింద ఒక గడి: వదిలిన కారణం.

రాజకుమారి ఆ గడి దగ్గర ఆగిపోయింది. వెంకటపతి తన కుర్చీలోంచే చూశాడు. "సొంత కారణాలు అని రాసెయ్యండి. అందరూ అదే రాస్తారు."

ఆమె కలం సిరాలో ముంచింది. గడి చిన్నది, అక్షరాలు పక్కకి కూడా పోయాయి. రాయడం పూర్తయ్యాక ఆరేదాకా ఊది అతనికి ఇచ్చింది. అతను పైనుంచి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. మళ్ళీ చదివాడు.

"ఇది ఇక్కడ రాయక్కర్లేదండీ. వేరే ఫారం ఇస్తాను."

"వద్దండీ. ఉండనివ్వండి."

అతను ఆ కాగితం లోపలికి తీసుకెళ్ళాడు. కాసేపటికి పిలుపొచ్చింది. మెడికల్ ఆఫీసరు వీరాంజనేయులు గారు యాభై దాటిన మనిషి. కాగితం ఆయన ముందు బల్ల మీద ఉంది. ఆయన దాన్ని పైకే, నెమ్మదిగా చదివాడు.

"ఎదురుకాళ్ళ కాన్పుకు వచ్చిన ఒకామెకు మంచాలు ఖాళీగా ఉండగా లేవని అబద్ధం చెప్పి పంపించాను. బిడ్డ చనిపోయాడు." తలెత్తాడు. "నిన్ను ఎవరన్నా రాయమన్నారా?"

"లేదండీ."

"ఇది ఫైల్లో ఉంటుంది. నువ్వు బదిలీ అయిన చోటికల్లా నీ వెనకే వస్తుంది. తెలుసా?"

"తెలుసండీ."

"నేను నిన్ను తీసుకోకపోవచ్చు."

"అవునండీ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరసలో కూర్చుని ఉన్నారు. "ఆ పల్లెకి ఏడాదినుంచి మనిషి లేదు. ఇద్దరొచ్చారు, చూసి వెళ్ళిపోయారు. వానాకాలం దారి మునుగుతుంది. కబురు పెట్టినా నేను పూటకి గాని రాలేను. ఒక్కదానివే ఉండాలి. భయం లేదా?"

"ఉందండీ" అంది రాజకుమారి.

ఆయన కలం తీసి సంతకం పెట్టి, కాగితం పక్కనున్న దొంతరలో బోర్లించాడు.

"వెంకటపతీ, ఈవిడకి మందుల పెట్టె ఇప్పించు." ఆమె వైపు తిరిగాడు. "సైకిలు తొక్కడం వచ్చా?"

"రాదండీ."

"ఆరు ఊళ్ళు. బస్సు దిగాక మూడు మైళ్ళు. ఎలా వెళ్తావు?"

"ఇవాళ్టికి నడుస్తానండీ" అంది.